జబ్బారు మావ చూడని నెలవంక

ఏటే శ్రావణీ, ఫోను అలగ పడమటేపు ఎత్తి పట్టుకున్నావు? నెలవంకా? ఓహో, రంజాను సెలవు రేపో ఎల్లుండో తేలాలా నీకు. కనపడినాదేటి? లేదా. ఫోనులో ఉన్నాదంతన్నావు, ఫోనులో ఎందుకుండదే, లెక్క గట్టి ముందే ఎట్టేస్తారు. ఆ లెక్క సాయిబులకి సాలదు, కంటితో సూడాల. కూకో, సెప్తాను. ఈ మేడ మీదే జరిగినాది అదంతా.

జబ్బారు మావని నువ్వెరగవు, నువ్వు పుట్టకముందే పోనాడు. నాకూ మావే, మీ తాతకీ మావే, ఈ గరివిడి ఊరందరికీ మావే. మన కింద కొట్లో మిషను ఎట్టుకుని బట్టలు కుట్టీవోడు. మీ తాత పెళ్ళి లాల్చీ ఆయనే కుట్టేడు. సంకలు బిగువైపోయి మీ తాత సెయ్యి పైకి లెగవక తలంబ్రాలు నా మెడకాడే పోసేడు, అది వేరే కతలే. మసీదు వీధిలో ఎత్తయిన మేడ మనదొక్కటే. అందుకని రంజాను నెల ఇరవైతొమ్మిదో రోజు సాయింత్రం సాయిబులందరూ మనింటికే ఎక్కీవోరు. నాను సాపలేసి, బిందెతో నీళ్ళెట్టీదాన్ని. ఆ ఫేక్టరీ పొగగొట్టం ఉన్నాది సూడు, ఆ పక్కని పొడిసీది. ముందు మావకే కనపడీది. ఆయన ఏలు సూపిస్తే ఆ ఏలెంట సూసి మిగతావోళ్ళు పట్టుకునీవోరు. పండగ జబ్బారు కంట్లో ఉన్నాది అనీవోరు. ఆ మాటకి మావ మురిసిపోయీవోడు. లేదనడమెందుకు, కూసింత గర్వం ఉండీది మనిషికి.

ఆ యేడు మీ తాత పంచాంగం ముందేసుకుని, అమావాస్య ఇంకా ఎల్లలేదు మావా, ఇయ్యాల పొడవదు, రేపే అన్నాడు. నీ లెక్క నీకు అల్లుడా, నా కన్ను నాకు అన్నాడు మావ. అది ఏటేటా ఇద్దరికీ ఉన్న సరసమే. ఎక్కేరు, సూసేరు, సూసేరు. మెకానిక్కు ఇబ్రహీం అని కుర్రోడుండీవోడు. ఆడు, కనపడినాది, పొగగొట్టం పక్కని అన్నాడు. మబ్బుపోగు ఎండకి మెరిసినాదో ఏటో మరి, ఆడి కంటికి అలగ ఆనినాది, ఆడు అబద్దమాడలేదు. మిగతావోళ్ళకి ఏటీ లేదు. పండగ నెలవంకకి ఒక్కడి మాట సాలదంట, రెండో సాక్షి ఉండాలంట. అందరూ మావకేసి తిరిగేరు. మావ అటే సూసి సూసి, "ఆ, నాకూ కనపడినాది" అన్నాడు. అంతే. రేపే పండగని మసీదు మైకులో సెప్పీసేరు.

తెల్లారి నమాజయినాది. సేమ్యా పాయసం మనింటికీ వచ్చినాది. ఎండ ముదిరీసరికి ఇజీనారం నుంచి ఇమాము గారి తమ్ముడు ఫోను సేసి, ఇక్కడ అందరం రోజా ఉపాసంలో ఉన్నాం, ఎక్కడా నెలవంక అవుపడలేదు, మీకెలగ కనపడినాది అని అడిగేడంట. ఆ మాట వీధంతా పాకిపోనాది. ఒక్కపొద్దు ఉండాల్సిన రోజున ఊరంతా పాయసం తాగినట్టయిపోనాది కదా. ఇమాము గారు కొట్టుకొచ్చి, మెల్లగానే, మావా నువ్వు నీ కంటితో సూసేవా అన్నారు. సూసేను, పొరపాటు పడ్డాను అని మావ అనీస్తే అయిపోయీది, ఎవులూ ఏటీ అనీవోరు కాదు. నాను గుమ్మంలోనే ఉన్నాను. మావ మిషను కాడ నుంచి లేసి నిలబడ్డాడు. "నాకేటీ కనపడలేదు ఇమాము గారూ. నెలవంక కాదు, ఆ పొగగొట్టమే కనపడలేదు. శానాళ్ళయి మా ఇంటిది సూదిలో దారం ఎక్కించి ఇస్తంటే కుడతన్నాను. కళ్ళు పోనాయని సెప్పడానికి సిగ్గేసినాది."

ఆ సాయింత్రం అసలు నెలవంక పొడిసినాది, ఎంటికంత. ఎవులో, నీ లెక్కే నెగ్గినాది కూర్మయ్యా అన్నారు మీ తాతని. ఆయన పంచాంగం అట్టుకెళ్ళి బియ్యం డబ్బా ఎనకాల దాసీసేడు. మళ్ళా మావ ఎదర తియ్యలేదు. నెగ్గినోడిలాగ కనపడ్డానికి ఆయనకీ సిగ్గే మరి.

తప్పిన ఆ ఒక్క రోజా పండగెల్లిపోనాక ఎవులికి వీలైన రోజున ఆళ్ళు తీర్చుకోవాలంట. మావేటి సేసీవోడో తెలుసా, ఏ ఇంటోళ్ళు తీర్చుకుంటే ఆళ్ళతోపాటు తానూ ఉపాసం ఉండీవోడు. ముందురోజు ఆళ్ళ గుమ్మం కాడికెళ్ళి, లోనకి రమ్మన్నా ఎల్లకుండా, రేపేనా మీది అని అడిగి వచ్చీసీవోడు. ఇయ్యాల ఓ ఇల్లు, రేపు ఇంకో ఇల్లు. ఎండలు సూస్తే అలగున్నాయి. మనిషి పుల్లైపోనాడు. ఈ మనిషి నాకు దక్కడు లచ్చనమ్మా అని మావ పెళ్ళాం ఖైరూనత్త నా కాడ ఏడిసినాది. నాను దిగి ఎల్లి తిట్టేను. కళ్ళు అందరికీ పోతాయి, దానికింత ఇదేటి మావా అన్నాను. తలెత్తలేదు. "నా మూలంగా ఆళ్ళు పస్తుంటే నా గొంతులో ముద్దెలగ దిగుతాదమ్మా" అన్నాడు.

వీధికి తెలిసినాది. ఇప్పుడు సిగ్గుపడ్డం ఆళ్ళ వంతయినాది. మసీదులో కూకుని, మిగిలినోళ్ళందరం ఒక్కరోజే తీర్చీసుకుందాం, లేపోతే ఈ ముసిలోడు పోతాడు అనుకున్నారు. ఆ గురువారం వీధి వీధంతా ఉపాసమే. పొద్దుగూకి ఖర్జూరాలట్టుకుని అందరూ మావ కొట్టు ముందుకే వచ్చేరు. ఇబ్రహీం తన సేత్తో మావ నోట్లో ఎట్టేడు. నువ్వనుకుంటావు మావ సంబరపడ్డాడని. నాను ఇక్కడ నుంచే సూసేను కదా. నమల్లేకపోనాడు. ఆళ్ళు తిట్టినా బాగుణ్ణు అన్నట్టుగా మొకం గుండెల మీదకి వాలిపోనాది. మరి ఆ తరవాత ఏ యేడూ మేడెక్కలేదు. మెట్ల కింద కూకుని, కనపడితే సెప్పండి అనీవోడు, అంతే.

ఏటే, కనపడినాదా? ఎక్కడ? పొగగొట్టానికి ఇటా, ఆ సెల్లు టవరు మీదా? ఉండు, కళ్ళజోడు తుడుసుకోనీ. నీ ఏలు కదపకు. ఆ, అదిగో, సన్నంగా...

లేదే. నాకు కనపడలేదు.