పడవ మీద పట్టని మాట

మంగళవారం, వేటకు సెలవు. ఎల్మినా ఊరి సముద్రపు ఒడ్డున, కాల్చిన చేపలమ్మే ఎఫువా తన కొత్త పడవ పక్కన నిలబడి, దాని మీద ఇంగ్లీషు మాట రాసిన పెయింటరు ఎకోతో మాట్లాడుతోంది.

"ఇంకోసారి చదువు."

"అండరెస్టిమేట్. ఎన్నిసార్లు చదివిస్తావక్కా?"

"అర్థం?"

"చెప్పానుగా. ఎదుటివాడి సత్తాని ఉన్నదానికంటే తక్కువగా లెక్కేసుకోవడం."

"మనుషుల్నేనా? సముద్రాన్ని కూడా అనొచ్చా?"

"అనొచ్చు. సముద్రాన్ని అండరెస్టిమేట్ చేసినవాడు ఒడ్డుకి రాడు."

"మరి మొగుణ్ణి?"

"మొగుడికి ఆ మాట పనికిరాదక్కా. ఎంత తక్కువ లెక్కేసినా సరిగ్గానే ఉంటుందంటుంది మా ఆవిడ."

"మరి మాటని?"

"మాటనా? ఏ మాటని?"

"నా పడవ మీది మాటని. బడి మాస్టారు కాగితం మీద రాసిచ్చిన మాటకి చివర దువ్వెన లాంటి అక్షరం ఉంది. నువ్వు రాసిన దాని చివర గొడుగు ఉంది."

"నీకు చదువు రాదుగా అక్కా."

"రాదు. చేపకి తోక ఉందో లేదో చూడ్డానికి చదువెందుకు?"

"అది... మొదట్లో అక్షరాలు కాస్త పెద్దవి పడ్డాయి. పడవ ముక్కు దగ్గరికొచ్చేసరికి చోటైపోయింది."

"ఎన్ని మిగిలాయి?"

"అయిదు. అయిదే."

"అయిదే అంట."

"చెరిపి మళ్ళీ రాస్తా. రంగు ఆరాలి కదా, గురువారానికల్లా..."

"రేపు తెల్లారేసరికి పడవ నీళ్ళలో ఉండాలి. కోబినా బావ అందరి ముందూ ఏమన్నాడో నువ్వూ విన్నావుగా."

"ఆడదాని పడవ మూడ్రోజుల్లో పొయ్యిలో కట్టెలవుతుందన్నాడు."

"ఆయనకి జవాబనే ఈ మాట రాయించింది. పొద్దున్నే వచ్చి ఈ తోక లేనిదాన్ని చూస్తే?"

"నవ్వుతాడు. పోనీ, మిగతాది అవతలి వైపు రాయనా?"

"అవతలి వైపెందుకు? ఇటు పక్కనే ఆయన పడవ ఉందిగా. దాని మీద రాయి."

"కోబినా పడవ మీదా? నా చేతులు విరిచేస్తాడు."

"ఆయనదెప్పుడైంది? అది మా మేనమావ పడవ."

"మీ మావయ్య పోయి నలభై రోజులైంది. కొడుకే కదా నడుపుతున్నాడు."

"నడుపుతున్నాడు. మన ఫాంటీవాళ్ళలో తండ్రి పడవ కొడుక్కి ఎప్పుడొచ్చింది?"

"రాదనుకో, మేనల్లుడికే. కానీ మీ మావయ్యకి మేనల్లుళ్ళు లేరుగా. అందుకే కోబినాకే వదిలేస్తారని ఊరంతా..."

"ఊరంతా అనుకుంది. కోబినా బావా అనుకున్నాడు. ఇవాళ పొద్దున కుటుంబంలో పెద్దలు కూర్చున్నారు."

"ఏమన్నారు?"

"మేనల్లుడు లేకపోతేనేం, మేనకోడలుందిగా అన్నారు. ఆ అయిదూ పెద్దవిగానే రాయి ఎకో, ఈసారి బోలెడు చోటుంది."