ఆరుగురి ఫోన్లు

అది కాదే షారోన్, పిల్లల కింద పరుపులు లాగేసి గోడలకి అంటించడం నువ్వెక్కడన్నా చూశావా? రా, ఇటొచ్చి చూడు. మన హాస్టల్ మెస్సు హాలే ఇది. నువ్వు రోజూ కూర్చునే బల్ల ఏదీ? లేదు! కిటికీలన్నీ మూసేశారు. గోడల నిండా నల్లటి స్పంజి పరుపులు కొట్టారు. పాఠాలు రికార్డు చేసే స్టూడియో అంట. బయటి చప్పుడు లోపలికి రాకూడదంట.

పదిహేడేళ్ళు ఈ హాల్లో అన్నం పెట్టాను. మీరు కంచాలు మోగిస్తూ 'అంకమ్మాంటీ, సాంబారూ' అని అరుస్తుంటే గోడలు అదిరేవి. నిన్న ఆ కెమెరా ఆయన నాతో ఏమన్నాడో తెలుసా? "టీ గ్లాసులు చప్పుడు కాకుండా పెట్టమ్మా" అన్నాడు. చప్పుడు చేసేవాళ్ళందర్నీ పంపించేశాక ఇంక నా గ్లాసులే అడ్డమయినయ్యి!

ఏందే, కూర్చోవా? సరే, నిలబడే విను. పెట్టె కోసం వచ్చావు, తీసుకుపోతావు, నాకు తెలుసు. మూడు నెల్ల నుంచి నా బియ్యం బస్తాల వెనక దాచి ఉంచాను దాన్ని. లేకపోతే ఇనప మంచాలతో పాటు లారీ ఎక్కించేవాళ్ళు. నీ పుస్తకాలు ఎలకలు కొట్టకుండా కలరా ఉండలు కూడా వేశాను. వాసనొస్తే ఏమీ అనుకోకు.

రేపట్నుంచి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతున్నావంటగా? మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగానే చెప్పిందిలే, కూతురు అందొచ్చిందని. నాకు మాత్రం చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

ఎమ్మెస్సీ ఒక్క ఏడాది మిగిలింది కదే! ఒక్కటంటే ఒక్క ఏడాది. సోమవారం క్లాసులు మొదలు. ఇంట్లోంచే వినొచ్చు, ఫోన్లోనే వినొచ్చు, చెట్టు కింద కూర్చుని వినొచ్చు అని బోర్డు మీద ఎంత అందంగా రాశారో! తొడిమలు తీసిన చేత్తో ఫోన్ ముట్టుకుని, అదే చేత్తో కళ్ళు నలుపుకుంటే తెలుస్తుంది ఆ రాసినవాళ్ళకి.

ఇంట్లోంచే వినాలంట. ఏ ఇల్లు? కనిగిరి అవతల మీ ఇంటికి తాళమేసి, మీ అమ్మ మిరపకోతలకని ముఠాతో ఈ నల్లరేగడి చేలల్లోకి దిగుతుంది. నాలుగు నెలలు పట్టా గుడారంలో కాపురం. నువ్వు పాఠం ఎక్కడ వింటావు, కయ్యల మధ్య కూర్చునా? అంత చదువుకున్న యూనివర్సిటీ పెద్దాఫీసులో ఇది అడిగేవాడు ఒక్కడు లేకపోయాడే! హాస్టలంటే మంచం, అన్నం అనుకున్నారు వాళ్ళు. నీకు హాస్టలంటే ఇల్లు. అది వాళ్ళకి తెలీదు, నాకు తెలుసు.

నాకు తెలుసు. అదేనే నా బాధ.

నమ్మించి గొంతు కోశారు షారోన్. సంక్రాంతి సెలవులయ్యాక ఏమన్నారు? "ఒక్క టర్మ్ ఆన్‌లైన్లో పెట్టి చూస్తాం, హాస్టల్ ఎక్కడికీ పోదు, ఉండేవాళ్ళు ఉండండి" అన్నారా లేదా? మీరు నలభై మంది ఉండిపోయారు. మీ గదుల్లో కూర్చుని చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని వినేవాళ్ళు. సరేలే, పిల్లలు ఉన్నారు, అన్నం తింటున్నారు, అంతే చాలనుకున్నాను నేను.

కోతలు ముదిరాక మీ అమ్మకి నడుం పట్టేసింది. ముఠాలో ఒక మనిషి తగ్గితే ఒప్పుకోరని నువ్వెళ్ళావు. నీతోపాటు ఇంకో అయిదుగురు. అందరూ అలాంటి ఇళ్ళ పిల్లలే. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. అందుకని ఆరుగురి ఫోన్లూ మీ క్లాసు తేజశ్రీ దగ్గర పెట్టి పోయారు. పేరు పిలిచినప్పుడు అది 'ప్రెజెంట్ సార్' అనేది, ఒక్కొక్కరికి ఒక్కో గొంతు పెట్టి. నవ్వలేక చచ్చేవాళ్ళం. దాని నోట్సు చూసి మీ ఆరుగురికీ మళ్ళీ ఆదివారం ఆదివారం అప్పచెప్పేది కూడా. మర్చిపోయావా?

ఆ పేరెత్తితే మొహం అటు తిప్పుకుంటావేందే!

విను. వినాలి నువ్వు. నోటీసు అంటించిన రోజు ఇదే హాల్లో, అందరి ముందూ, దాని చెంప పగలగొట్టావు. "నమ్మి ఫోన్ చేతికిస్తే నా మంచం లేకుండా చేశావు గదే! నీకు మంగళగిరిలో ఇల్లుంది, వైఫై ఉంది, నీకేం?" అన్నావు. నీ ఫోన్లో ఆ మెసేజీ కూడా అందరికీ చూపించావు. హాస్టల్ అక్కర్లేదు, ఆన్‌లైన్ చాలు అని నువ్వే ఒప్పుకున్నట్టు అందులో ఉంది. మిగతా అయిదుగురి ఫోన్లలోనూ అదే.

తేజశ్రీ ఏమన్నా అందా? చెంప పట్టుకుని నిలబడింది. నేను కాదు అనలేదు. ఎవరో చెప్పలేదు. ఒక్కసారి మాత్రం తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో ఉన్నది నేను.

ఆగు, ఆగు, అప్పుడే పెట్టె ఎత్తకు. పూర్తిగా చెప్పనీ. సగం చెప్పి ఆగిపోతే మళ్ళీ ఈ నోరు తెరుచుకోదు నాకు.

నోటీసుకి వారం ముందు, సోమవారం, తేజశ్రీ వాళ్ళమ్మకి జొరం ఎక్కువైందని కబురొచ్చింది. మగ్గం మీద చీర సగంలో ఉందంట, అది పూర్తిచేసి ఇవ్వాలి. తేజశ్రీ పొద్దున్నే పరిగెత్తింది. పోతా పోతా ఆరు ఫోన్లూ తెచ్చి ఇదిగో, ఇక్కడే బల్ల మీద వరసగా పెట్టింది. దాని ఫోన్‌తో కలిపి ఏడు. "ఆంటీ, పేరు పిలవంగానే ఈ మైకు బొమ్మ నొక్కి ప్రెజెంట్ అనండి, ఈ ఒక్కరోజే" అంది. ఓస్, ఇంతేగా అనుకున్నాను. దోసకాయలు ముందేసుకుని కూర్చున్నాను.

పది గంటలకి ఆరు ఫోన్లలోనూ ఒకటే కాగితం లేచింది. తేజశ్రీ ఫోన్లో ఆ కాగితం ముందే వచ్చినట్టుంది, అది పొద్దున్నే నొక్కేసి పోయింది. ఇంగ్లీషులో ఏందో రాసి ఉంది. కింద రెండు బటన్లు. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. అది పోతేగాని క్లాసు తెరుచుకోదు. దాని ఫోన్లో సారు పేర్లు పిలవడం వినపడుతోంది. నీ పేరు దగ్గరపడుతోంది. నీకు హాజరు ఎంత అంచున ఉందో నాకు తెలుసు. ఆ నెల ఒక్క రోజు పోయినా పరీక్ష పోయినట్టేనని నువ్వే ఏడ్చావు నా దగ్గర.

నాకు ఫోనంటే తెలిసింది ఒక్కటే షారోన్. పచ్చది నొక్కితే ఎత్తినట్టు, ఎర్రది నొక్కితే కోసినట్టు. ఎర్రది నొక్కితే నీ క్లాసు కట్ అయిపోద్దనుకున్నాను.

పచ్చది నొక్కాను. ఆరు ఫోన్లకీ నేనే నొక్కాను. దోసకాయ తడి చీరకి తుడుచుకుని మరీ నొక్కాను.

క్లాసు తెరుచుకుంది. నీ పేరు పిలిచారు. "ప్రెజెంట్ సార్" అన్నాను. "ఏమ్మా షారోన్, గొంతు బాలేదా?" అనడిగాడు ఆ సారు. "జలుబండీ" అన్నాను. ఎంత సంబరపడ్డానో తెలుసా! ఆరుగురికీ హాజరు పడింది, ఒక్కటి కూడా పోలేదు. ఆ సంతోషానికి మజ్జిగలో పోపు కూడా వేశాను ఆ పూట.

వారం తిరిగేసరికి నోటీసు. నలభై మందిలో ఇరవై రెండు మంది హాస్టల్ వద్దన్నారు, పద్దెనిమిది మంది కావాలన్నారు అని. నలభై మందికి గుప్పెళ్ళు లెక్కేసి పప్పు పోసేదాన్ని, ఆ ఆరుగుర్నీ ఇటు నుంచి తీసి అటు వేసి చూసుకోలేనా? ఎన్నిసార్లు వేసినా ఒకటే వచ్చింది. హాస్టల్ మూయించింది నా బొటనవేలు.

అలా చూడకే. తిట్టు, పడతాను.

చెప్పొచ్చుగా అంటావా? తేజశ్రీతో నోటీసు అంటించిన రోజు సాయంత్రమే చెప్పాను. అదే నా నోరు మూసింది. "ఆంటీ, మీరు క్లాసులో పలికారని తెలిస్తే మీ ఉద్యోగం పోద్ది, ఆరుగురికీ ఆ నెల హాజరు కొట్టేస్తారు, ఊరుకోండి" అంది. దానికేం అవసరమే? నా పొయ్యి కోసం, మీ పరీక్షల కోసం అది నీ చేతి దెబ్బ తినింది. పరీక్షలయ్యాకైనా నేను చెప్పాలి గదా. ఆఫీసు దాకా వెళ్ళాను కూడా. నాలుగు మెట్లెక్కాను. అయిదో మెట్టు ఎక్కలేదు. వెనక్కొచ్చేశాను. ఏడాదిలో రిటైరవుతాను, ఈ కాస్తా గడిచిపోనీలే అనుకున్నాను. అలా అనుకోలేదని ఎలా చెప్పను?

ఇంకోటి కూడా విను. మెస్సులో పనిచేసే అందర్నీ మాన్పించారు. నన్నొక్కదాన్నే ఉంచారు, స్టూడియోలో టీ కాయడానికి. నేను ఒప్పుకున్నాను. మీ మంచాలు లారీ ఎక్కుతుంటే ఇటు తిరిగి పాలు పొంగకుండా చూసుకుంటూ నిలబడ్డాను.

యూనివర్సిటీ మోసం చేసిందని ఇందాకట్నుంచీ అరుస్తున్నానే, చేసిందిలే. చదవడం రానిదాని చేతికి కూడా రెండు బటన్లు ఇచ్చి హాస్టల్ ఉంచాలా తీయాలా తేల్చేసే వాళ్ళు మోసం చేయరా? కానీ వాళ్ళ దగ్గరికి నువ్వు అన్నానికి రాలేదు. నువ్వు 'అత్తా' అని పిలిచింది నన్ను. అందరికీ ఆంటీని, నీకొక్కదానికీ అత్తని.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, తేజశ్రీ పోయిన వారం వచ్చింది. మగ్గం గది పక్కన గది ఊడ్చి, సున్నం కొట్టించిందంట. నీకోసం. వాళ్ళమ్మకి కూడా చెప్పిందంట, ఈ ఏడాది నువ్వు అక్కడే ఉండి చదువుతావని. నువ్వు ఫోన్ ఎత్తట్లేదని ఏడ్చింది. అది నొక్కిందనుకుని నువ్వు వెళ్ళనంటున్నావు. వెళ్ళు తల్లీ. అది నొక్కలేదు. కోపం నా మీద పెట్టుకుని దాని ఇంటికి వెళ్ళు. మగ్గం చప్పుడుంటది, అలవాటైపోద్ది. మెస్సు చప్పుడులో చదివినదానివి నువ్వు.

గేటు దగ్గర ఉందది ఇప్పుడు. నేనే రమ్మన్నాను. నువ్వొస్తున్నావని చెప్పాను.

ఏదో ఒకటి అనవే. అత్తా అనొద్దు. అంకమ్మా అను, దొంగదానా అను.

ఒక్కదానివే మోస్తావేం, బరువు, ఆ రెండో కొస నేను పట్టుకుంటా... వద్దా. సరే. సరేలే. గడప చూసుకో, కొత్త తీగలేవో పరిచారక్కడ.

షారోన్!

ఒసే షారోన్, గేటుకి ఇటు వైపు కాదు, అది ఎడమ పక్కన నిలబడింది!

పలకవేందే? ఆ రోజు నీ పేరు పిలిస్తే నేను పలికాను గదే.