సకినాల కిటికీ

ఎన్నిసార్లు అడుగుతవ్ డాక్టరమ్మా? తాగదు. నా కోడలు హర్షిణి సిగరెట్ తాగదంటే తాగదు! ఖాజాగూడల ఎవడన్న బీడి ముట్టిస్తే పుప్పాలగూడల నాకు తుమ్మొస్తది. అసొంటి ముక్కు నాది. ఇంట్ల తాగితే దొరకకపోవునా?

నా కొడుకు మాట పట్టించుకోకు. అగో, బయట బెంచీ మీద మూతి ముడుచుకొని కూసున్నడు నితీష్. ఊపిరితిత్తుల కాన్సర్ అని నువ్వన్నవో లేదో, "ఆఫీసు కింద టీ కొట్టు కాడ తాగి ఉంటది" అన్నడు. నిన్నటి సంది పెండ్లాం మొఖం చూస్తలేడు. రేపు మందు ఎక్కిస్తరాయె. చెయ్యి పట్టుకునే మొగడు పక్కన లేకుంటె ఎట్లమ్మ?

ఏందీ? తాగనోళ్లకు గూడ వస్తదా? రోడ్డు మీది పొగ, పక్కోడు ఊదే పొగ, పుట్టుకతోనే ఒంట్ల ఉన్న లోపం... వంటింటి పొగ గూడనా?

మాకు కట్టెల పొయ్యి లేదు తల్లీ, గ్యాసే. నూనె మూకుడా? ఆఁ, పెడ్తం. శని, ఆదివారాలు సకినాలు చేసి అమ్ముతం. పన్నెండేండ్లాయె. నేను హాల్ల చల్లగ కూసోని సుడ్త, హర్షిణి వంటింట్ల కాగే నూనెల గోలిస్తది. అది గోలిచ్చిన సకినాలు పేరిస్తే ఔటర్ రింగ్ రోడ్డుకు రెండు సుట్లొస్తయి!

కిటికీనా? ఉంది... కిటికీ ఉంది.

ఎదురు అపార్ట్‌మెంటోళ్లు చూస్తరు గద. మూకుడు పొయ్యి మీదుండంగ పరాయి కన్ను పడితే నూనె ఇంకిపోతది, సకినాలు ఇరుగుతయి. మా అత్త చెప్పిన మాట. అందుకే కిటికీ మూయించి దుప్పటి గూడ కట్టిచ్చిన. పొగ గుంజే చిమ్నీ ఉంటే, "వాసన బయటికి పోతే ఊరంత మూగుతది" అని అది గూడ బంద్ పెట్టిచ్చిన.

"కండ్లు మండుతున్నయ్ అత్తమ్మా" అనేది. దగ్గేది. "నీ దగ్గుకు ఎదురు బిల్డింగు కూలుతదే!" అని నేను నవ్వేదాన్ని.

గందుకే వచ్చిందా, చెప్పు? గిదే కారణమని ఎవ్వరం చెప్పలేమంటవా? నిజమేనా, ముసలిదాన్నని ఊరడిస్తున్నవా?

సరే తీయి. వాన్ని లోపటికి పిలువు. పుట్టినకాడి నుంచి గోరంతది కొండంత చేసి చెప్పిన. గిదొక్కటి వానికి ఉన్నదున్నట్టు చెప్త. అది సిగరెట్ ముట్టలే. కిటికీ నేనే మూసిన.

పన్నెండేండ్లల్ల నూనెకైతే దిష్టి తగల్లేదు బిడ్డా.