తిరగబడ్డ అలలు

కొండను తొలిచి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో తలకిందులుగా పేర్చాడని డ్రిల్లింగ్ మేస్త్రి మీద ఫిర్యాదు రాసింది భూగర్భ శాస్త్రవేత్త. అతను ఆమెను కప్పులా ముందుకు పొడుచుకొచ్చిన ఒక చరియ కిందికి తీసుకొచ్చాడు.

"నేను రోజూ భోంచేసే చోటు మేడమ్. పైకి చూడండి."

"అలల గుర్తులు. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుకయ్యా."

"వాటి మొనలు ఎటున్నాయి?"

"కిందికి."

"ఇసుక మీద పైకి కదా ఉండాలి? సరే, పెట్టెలు నేనే తిరగేశాననుకోండి. మరి ఈ కొండనెవరు తిరగేశారు?"

ఆమె చెయ్యి చాచి ఆ మొనలను తడిమి చూసింది.

"రెండు ఖండాలు ఢీకొని ఉంటాయి. నేల దుప్పటిలా మడతపడి బోర్లా తిరిగింది. కోట్ల ఏళ్లు పట్టి ఉంటుంది."

"నా మీద రాసిన కాగితం?"

"చించేస్తాను మేస్త్రిగారూ. కాసేపు చూడనివ్వండి. సముద్రం అడుగు మన నెత్తి మీదుంది. ఇన్నాళ్లూ మీరు నీళ్లలో కూర్చుని భోంచేశారు."