తోబుట్టువు ఉన్న చోటు

మొహమాటపడకుండా చెప్పమంటావా? ఇప్పుడా? బాగుందమ్మాయ్ వులన్, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నీ యవ్వారం!

ఏంటీ, మళ్ళీ చెప్పు? జకార్తాలో చదువుకుని వచ్చినదానివి కాబట్టి మా మీద నీకు అధికారం ఉందా? దాన్ని నువ్వు తెలుసుకుని, సిగ్గుపడి, నీ పుస్తకంలో ఒక అధ్యాయం రాయాలా? దానికీ నేనే సాయం చెయ్యాలా? ఓర్నాయనో!

కూర్చో. ఆ తడి చెక్క మీద కాదు, ఇటు చాప మీద. లోపల మూలుగుతున్నది నా మనవడు రుస్దిన్. జ్వరం. ఆసుపత్రి మాత్రలు వేస్తూనే ఉన్నాం. తగ్గితేగా!

ఆ రోజు నువ్వేమన్నావ్? "హవాంగ్ అవ్వా, ఇది నా ఒక్కదాని పరిశోధన కాదు, మనందరిదీ. సముద్రాన్ని కలిసి కాపాడుకుందాం. మీరు ప్రాణంగా చూసుకునే చోట్లు ఈ పటం మీద మీరే గుర్తు పెట్టండి" అన్నావ్. నేనూ మురిసిపోయాను. సముద్రం మీదే పుట్టి పెరిగే మా బజోవాళ్ళని అడిగే మనిషి ఇన్నాళ్ళకి వచ్చిందనుకున్నా.

మాకు ప్రాణమైన చోటంటే ఏది? బిడ్డతో పాటు వచ్చిన మావిని సముద్రంలో వదిలిన చోటే కదా. అది బిడ్డకి తోబుట్టువు. బిడ్డకి ఒంట్లో బాగోకపోతే, అది అలిగిందంటాం. తమలపాకులు, రంగు బియ్యం పట్టుకెళ్ళి అక్కడే నీళ్ళలో వదిలి బతిమాలుకుంటాం. అందుకే పగడపు దిబ్బ అంచున, మా రుస్దిన్ చోట చుక్క పెట్టాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా వాళ్ళ పిల్లల చోట్లు పెట్టారు.

నీ పటం తీసుకుని, సముద్రాన్ని కాపాడతామనే ఆ సర్కారు ఆఫీసువాళ్ళేం చేశారు? ఆ చుక్కలన్నీ కలిపి గీత గీసేసి, ఇక్కడికి ఒక్క పడవా రాకూడదన్నారు. "ప్రాణమన్నారుగా అవ్వా, అందుకే కాపాడుతున్నాం" అంటాడు కాపలావాడు, పళ్ళికిలించి! మొన్న నా కోడలు తమలపాకుల పళ్ళెం పట్టుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే తిప్పి పంపేశాడు. ఏడుస్తూ దారిలోనే ఎక్కడో నీళ్ళలో కుమ్మరించి వచ్చింది పిచ్చిది. అది ఎవరికి చేరుతుంది చెప్పు?

నీ మీద కోపం లేదమ్మాయ్. ఎందుకు లేదు, ఉంది! కానీ నువ్వు మంచిదానివి, అదీ నా ఖర్మ. చెడ్డదానివైతే తిట్టి పంపేసేదాన్ని.

సరే, అధికారం ఉందన్నావుగా. ఫోను తియ్. ఆఫీసులో ఆ పెద్దమనిషికి చెప్పు. గీత చెరపమనటం లేదు. ఒక్క పడవని, ఒక్కసారి, నా మనవడి కోసం వదలమను.

ఏం, తల దించుకున్నావ్?

నీ చేతిలో లేదా? నీ మాట వాళ్ళు వినరా?

అదేంటమ్మాయ్! సిగ్గుపడటానికి ఉన్న అధికారం, వాడమనేసరికి లేకుండా పోయిందా?

ఏడవకు. నువ్వేడిస్తే మళ్ళీ నేనే ఓదార్చాలి. నాకు ఓపిక లేదు, వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చాలి. ఊఁ, మిగతా ప్రశ్నలేవో త్వరగా అడుగు. అడిగినదానికి చెప్పటమేగా మాకు మిగిలింది.