మష్దీ కంబర్ అమ్మిపెట్టిన రాతి గిన్నె

మష్దీ కంబర్ నోరు విప్పాడంటే టీ కొట్టులో ఈగ కూడా ఓ మూల వాలి వినాల్సిందే. మష్హద్ యాత్ర ఒక్కసారి చేసొచ్చాడు గనక మష్దీ అయ్యాడు. తతిమ్మా గొప్పలన్నీ ఈ కొట్టులో కూర్చుని సంపాదించుకున్నవే.

ఆ ఏడు హలీల్ నది పొంగి గట్లు కోసుకుపోయేసరికి ఎప్పటివో సమాధులు బయటపడ్డాయి. జీరోఫ్త్ చుట్టుపక్కల ఊళ్ళలో పార పట్టని ఇల్లు లేదు. నౌరూజ్ అలీ మాత్రం తవ్వకుండానే, వరదకు కూలిన ఖర్జూరపు చెట్టు వేళ్ళ కింద ఒక రాతి గిన్నె దొరికించుకున్నాడు. తోటలో సగం చెట్లు కొట్టుకుపోయాయి, ఇక అతని ఆశంతా ఈ గిన్నె మీదే. పాత వస్తువులు పోగేసే దొరలు టెహరాన్ దాకా వస్తున్నారట. కానీ వాళ్ళతో ఎలా మాట్లాడాలో అతనికేం తెలుసు? తప్పుడు మనిషి చేతికిస్తే గిన్నె పోతుంది, దాంతోపాటు ఇల్లూ గుల్లవుతుంది. అన్నీ తెలిసినవాడు మష్దీ ఒక్కడేనని అందరూ అంటే, పొద్దున్నే బయల్దేరి టీ కొట్టుకి వచ్చాడు.

తలగుడ్డలో కట్టి తెచ్చిన మూట విప్పి, మష్దీ కూర్చున్న చెక్కబల్ల మీద, సరిగ్గా ఆయన ఎడమ మోకాలి పక్కన గిన్నెని పెట్టాడు. నల్లటి రాయి, సగం మట్టి. కడిగినవైపు తేలు తోక ఉన్న మనిషి బొమ్మ చక్కగా కనిపిస్తోంది. ఆ వైపే మష్దీకి తిప్పాడు.

"సలాం మష్దీ. ఇదిగో, ఇది..."

"కూర్చోరా అబ్బాయ్, కూర్చో. కథ మధ్యలో ఉన్నాం," అన్నాడు మష్దీ అటు చూడకుండానే. నోట్లో ఖర్జూరం, చేతిలో టీ గ్లాసు, ఎదురుగా నలుగురు వినేవాళ్ళు. అలాంటప్పుడు ఆయనకి పక్కన ఒంటె నిలబడ్డా కనిపించదు. గింజ నోట్లోంచి తీసి గిన్నెలో ఠప్పున పడేశాడు.

నౌరూజ్ అలీ గిన్నెవైపు చెయ్యి చాపాడు. అయినా పెద్దాయన మాటకి అడ్డుపడేదెలా? చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడున్నాం? ఆఁ, నేను తవ్వింది మూరెడేరా. పెద్ద గొప్పేం కాదు. చిన్న గిన్నె, పిల్లి పాలు తాగేంత. కడిగి కిటికీలో పెట్టానా, ఎవరు చెప్పారో ఏమో, మర్నాటికల్లా జర్మనీ దొర గుమ్మంలో దిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిన్నెని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. ఊరుకోబెట్టలేక చచ్చామనుకో! మా ఆవిడ కింద బిందె పెట్టింది, ఆ కన్నీళ్ళతో పుచ్చపాదుకి రెండు తడులు పెట్టాం."

"కాయలు ఉప్పగా కాశాయా మష్దీ?" అన్నాడు టీ కొట్టు షీర్‌జాద్.

"నువ్వు టీ పొయ్యవయ్యా!" ఇంకో గింజ గిన్నెలో పడింది. "ఈలోగా లండన్ దొర హెలికాప్టర్‌లో వచ్చి ఆ పాదు మీదే దిగాడు. ముందు నా పుచ్చకాయల సంగతి తేల్చు, తర్వాతే గిన్నె చూపిస్తానన్నాను. వణికిపోయాడు! లోపలికి తీసుకెళ్ళి చూపించాను. అప్పటికే మా ఒంటె అందులో నీళ్ళు తాగి, దిగి స్నానం చేస్తోంది."

"పిల్లి పాలు తాగేంత అన్నావుగా?" అన్నాడు బండి తోలే ఇద్రీస్.

"మట్టి వదిలాక పెరిగిందిరా! అన్నేళ్ళు భూమిలో ముడుచుకుని పడుకున్నది ఒళ్ళు విరుచుకోదూ? సరే, ఇదంతా కాదు. జపాన్ దొర వచ్చాడు. గిన్నె మీద రాజు బొమ్మ చూశాడు, నా మొహం చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. అదే ముక్కు, అవే మీసాలు! గిన్నెనక్కడ వదిలేసి నా కాళ్ళ మీద పడి, 'అయిదు వేల ఏళ్ళు మమ్మల్ని వదిలి ఎక్కడికెళ్ళారు హుజూర్' అన్నాడు."

ఇద్రీస్ టీ పొలమారి దగ్గాడు. నౌరూజ్ అలీకి నవ్వు రాలేదు. ఒక్కో గొప్పకీ ఒక్కో గింజ పడి, గిన్నె అంచుదాకా పేరుకున్నాయి. తేలు మనిషి అంచు కిందనుంచి మష్దీని గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఈయన చేతికా నా పిల్లల తిండి అప్పజెప్పబోయాను, అనుకున్నాడు.

"ఆఖరికి ఆ దొరలంతా ఏమన్నారో తెలుసా? మాకు గిన్నె వద్దు, మీ మోకాలు ఇవ్వండి అన్నారు!"

"మోకాలా?"

"ఈ ఎడమ మోకాలు! పాత గిన్నె పది ఆమడల దూరంలో, ఏడు నిలువుల లోతున ఉన్నా సరే, జివ్వున సలిపేస్తుంది. అది నాకు దేవుడిచ్చింది. అందుకే చెబుతున్నా, ఎవరికేం దొరికినా ముందు నా చేతిలో పెట్టండి. అన్నట్టు అబ్బాయ్, నీకేదో దొరికిందటగా? ఇంట్లో దాచుకుని కూర్చున్నావా? తీసుకురా, కళ్ళు మూసుకుని దాని వయసు చెబుతా."

నౌరూజ్ అలీ మెల్లగా లేచాడు. "ఇవాళ మోకాలు ఎలా ఉంది మష్దీ?"

"ఇవాళా? రాయిలా ఉంది. ఈ కొట్టు చుట్టూ పది ఆమడల్లో పెంకు ముక్క కూడా లేదు. పందెం!"

"అయితే ఆ మోకాలు కాస్త జరపండి. నా గిన్నె తీసుకుంటాను."

మష్దీ తల దించి చూశాడు. తేలు మనిషి ఆయన్నే చూస్తున్నాడు. షీర్‌జాద్ పోస్తున్న టీ గ్లాసు దాటి పళ్ళెంలోకి పొర్లింది. కొట్టంతా ఘొల్లుమంది. మష్దీ కంబర్ ఎడమ మోకాలు మెల్లగా పక్కకి జరిపాడు.

నౌరూజ్ అలీ గిన్నెని రెండు చేతులా ఎత్తి, గింజలన్నీ ఆయన ఒళ్ళో జాగ్రత్తగా ఒంపాడు.

"ఇవి మీవి," అని, గిన్నెని తలగుడ్డలో చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.