నాన్న గిన్నె

ఆ… హలో, నేనే అక్కా… ఏంటీ, నాన్న కాళ్లు రెండూ వాచిపోయాయా?

ఎప్పటినుంచి?… పొద్దున లేచేసరికే అలా ఉన్నాయా… ఆయాసం కూడానా?

ఒక్క నిమిషం. ఆఫీసులో ఉన్నాను, మెట్ల దగ్గరికి వస్తున్నా… ఆ, ఇప్పుడు చెప్పు.

డాక్టర్ వచ్చి వెళ్లాడా… ఇంజెక్షన్ చేశాడు… ఇప్పుడు ఆయాసం తగ్గింది కదా? హమ్మయ్య.

— ఏమడిగాడు? ఉప్పు తిన్నారా అనా?

మరి నాన్న ఏం చెప్పాడు?… 'నిన్న నా గిన్నెలో ఉప్పు తగిలింది' అన్నాడా. తినేటప్పుడే చెప్పొచ్చుగా… 'ఇన్నాళ్లకి నోటికి రుచిగా ఉంది, చెబితే లాక్కుంటారు' అన్నాడా. ఆయనొకడు.

లేదు, నవ్వట్లేదు.

అయినా కూరలో ఉప్పు వేశాక నాన్న గిన్నెలో ఉండదా ఏంటి?… ఏం పద్ధతి?

…

పొయ్యి మీంచి దించాక, నాన్న గిన్నె ముందు తీసి పక్కన పెట్టి… ఆ తర్వాతే అమ్మ ఉప్పు వేస్తుంది.

…నాన్నకి గుండె జబ్బు వచ్చినప్పటినుంచీ. అవును. అవును కదా.

— లేదు, వింటున్నా. సిగ్నల్ సరిగ్గా లేదు.

అమ్మ రెండుసార్లు వేసిందంటావా. గిన్నె తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి… అందుకే నిన్న మా ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చినప్పుడు కూర ఉప్పుకషాయంలా ఉందంటావు.

…ఉండొచ్చు. వయసు మీద పడుతోందిగా.

మా మేనేజర్ ఏమీ అనుకోలేదులే. ఒక ముద్ద తిని నీళ్లు తాగాడు, అంతే… ఆ జోకా? ఏదో నోరు జారింది. 'మా అమ్మకి నాకంటే ఉప్పంటేనే ప్రేమ' అంటే ఆఫీసువాళ్లు నవ్వేసి ఊరుకుంటారని… అమ్మ కూడా నవ్విందిగా?

నవ్వలేదా.

గరిటె నీ చేతికి ఇచ్చేసిందా… టీ కూడా నీతోనే పెట్టించిందా. చక్కెర వేసి మళ్లీ వేస్తానేమోనని భయంగా ఉందందా… వంటింటి గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుందా. పొద్దుటినుంచీనా?

…ఇంకా ఏమంటోంది?

కూర వాసన కూడా తనది కాదనిపించిందంటోందా. తన కూరని తనే గుర్తుపట్టలేకపోయిందట…

అక్కా, నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు— ఏం లేదు. చెప్పు.

మతిమరుపు డాక్టరా? సాయంత్రమే తీసుకెళ్తావా? రెండు రోజులు ఆగొచ్చుగా… కాదు, అడ్డం పడట్లేదు. నాన్న ఏమంటున్నాడు?… 'నా గిన్నె విషయంలో మీ అమ్మ ఒక్కసారి కూడా తప్పలేదు, ఇప్పుడూ తప్పి ఉండదు' అంటున్నాడా. వాచిన కాళ్లతో పడుకుని ఆమెనే వెనకేసుకొస్తున్నాడా.

నిన్న పొద్దున ఎంత బాగుందో కదా అక్కా. నాన్న వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నువ్వు ఉల్లిపాయలు కోస్తూ కళ్లు తుడుచుకుంటుంటే, పెళ్లిలో కూడా దీని కంట్లోంచి ఇన్ని నీళ్లు రాలేదని అమ్మ ఏడిపించింది. కలపమని నాకు గరిటె ఇచ్చి, అడుగంటితే మీ మేనేజర్‌కి నువ్వే జవాబు చెప్పుకో అంది. నలుగురి చెయ్యీ పడితేనే అది మనింటి కూర అంది…

లేదు, ఏడవట్లేదు. మెట్ల మీద ఎవరో వెళ్తున్నారు, అందుకే మెల్లగా మాట్లాడుతున్నా.

— అమ్మకా? వద్దు, ఇవ్వకు. తర్వాత చేస్తాను… అక్కా, ఇవ్వొద్దంటున్నానా—

…అమ్మా.

ఆ, తిన్నాను.

…దేనికి?

నువ్వు నన్ను క్షమించమనడం ఏంటమ్మా… లేదు. నా పరువేం పోలేదు… మేనేజర్‌తో నువ్వు మాట్లాడతావా? ఏమని?… ముసలిదాన్ని, చెయ్యి అదుపులో లేదని చెప్తావా.

వద్దమ్మా.

అమ్మా, ఆగు. నీకే మతిమరుపూ లేదు. ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

…ఎలా తెలుసంటే… అది నువ్వు వండిన కూర కాదు.

అక్క వింటోందా? విననీ.

మనం వండింది నేను పారబోశాను. అక్క స్నానానికి వెళ్లింది, నువ్వు చీర మార్చుకుంటున్నావు, నాన్న నడుం వాల్చాడు. మూత తీసి రుచి చూశాను. చప్పగా ఉంది. అమ్మ ఉప్పే మర్చిపోయిందంటే ఇంకేమేం మర్చిపోయిందో అనుకున్నాను. 'ఉప్పు లేదేంటమ్మా' అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు.

…అదే కూర, హోటల్ నుంచి. లేదు, అప్పుడు కాదు. ముందే తెప్పించి కారులో పెట్టుకున్నా. నీ వంట మా ఆఫీసువాళ్లకి నచ్చదేమోనని… ఊ. మీరందరూ కూర్చుని కోస్తున్నప్పుడు అది కారులోనే ఉంది.

మనది వెనక సందులో చెత్త డ్రమ్ములో పోసి, ఆ వంట గిన్నెలోనే హోటల్ కూర నింపాను. నేను గుమ్మంలో మేనేజర్‌కి ఎదురెళ్తున్నాను, నువ్వు వచ్చి నాన్న గిన్నె తీసి, అప్పటికే ఉప్పున్న మిగతా కూరలో ఎప్పటిలాగే ఉప్పేశావు. నువ్వు ఏదీ తప్పలేదు. ఇంటి పద్ధతి నేనే మర్చిపోయాను. నాన్న కాళ్లు వాచింది నా వల్లే.

…

అమ్మా, ఉన్నావా?

…అప్పుడా? అందరూ తినడం ఆపి నీ వైపు చూసినప్పుడా?

హోటల్ వాడే పాడుచేశాడనుకున్నాను. నీ తప్పు కాదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తెలిసీ ఆ జోకు వేశాను.

మొదట నవ్వింది కూడా నేనేనమ్మా.